భూతద్దం

కొర్లగుంటలో మా అంగడి
ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల లోతు.
షట్టరు సగం దించి
చిల్లర లెక్కపెట్టుకుంటా ఉంటే
మా చెల్లెలి కొడుకు హేమాద్రి
బడిలో ఇచ్చిన పనంటా
భూతద్దం పట్టుకోని దూరినాడు.

"పెద్దమ్మా, పొట్లాల వెనక
చీమ తలకాయంత అక్షరాలుంటాయి.
నేను చదువుతా, నువ్వు గీతలు పెట్టు."

బిస్కెట్లు. పామాయిల్. గీత.
మిక్చరు. గీత.
పిల్లోళ్ళు ఎగబడే నూడుల్సు,
చాక్లెట్టు, రస్కు, ఐసు పెట్టెలోని పుల్ల ఐసు.
ఒళ్ళు రుద్దుకునే సబ్బులో
పేరు మార్చుకోని కూర్చోనుంది.
షాంపూ పొట్లంలో ఇంకో పేరు.
వాడు స్టూలెక్కి పై అర దులిపినాడు.
అప్పుల పుస్తకం చివరి పేజీ నిండిపోయింది.

"ఇది అంగడి కాదు పెద్దమ్మా, తోట" అన్నాడు.

సముద్రాల అవతల దీవుల్లో
అడివి నరికి, కాల్చి,
అదే చెట్టు వరసలు వరసలుగా నాటినారంట.
తడినేల కూడా మండుతాదంట,
మట్టి కింద, నెలల తరబడి.
చెట్టు తప్పేముందిలే, నాటిన చోట కాస్తాది.
ఆ పొగలో కోతులూ ఏనుగులూ
యాడికి పోవాల్నో తెలీక తిరిగినాయంట.

ఏనుగంటే నాకు పటంలో బొమ్మ కాదు.
పలమనేరు పక్క మా తమ్ముడు చెంగల్రాయుడు
కోతకొచ్చిన చెరకు మడిలో
తెల్లార్లూ డబ్బా కొట్టి కొట్టి
అరిచేతులు వాచి కూర్చున్నాడు ఒక పొద్దు.
తిట్లన్నీ అయిపోయినాక అన్నాడు,
"దాని అడివి దానికుంటే
నా మడి కాడికి ఎందుకొస్తాదక్కా?"
ఆ దీవుల్లో ఇప్పుడు ఎవురి చేతిలో ఉందో ఆ డబ్బా.

మా నాయన చెనిక్కాయలు గానుగాడించి
డబ్బాతో నూనె తెచ్చేవాడు.
ఊరిబిండిలోకి రొంత పచ్చి నూనె పోస్తే
వీధి చివరకు వాసన.
ఆ రోజులు బంగారమని అబద్ధమాడను.
మూడేండ్లు వానలేక కాయలు లొట్టపోతే
ఎద్దుల్ని అమ్మి నాయన తిరపతి బస్సెక్కినాడు.
ఆ చెనిక్కాయ ఖాళీ చేసిన చోటుకే
ఓడెక్కి వచ్చింది ఈ నూనె.

తెల్లారి వళ్ళెమ్మ వచ్చింది.
సత్రంలో అంట్లు తోమి తోమి
గోళ్ళు అరిగిపోయిన మనిషి.
"ఆ చవక నూనె పాకెట్టు ఒకటియ్యి."
నాలిక చివరిదాకా వచ్చిన అడివిని
మింగేసి పాకెట్టిచ్చినా.
అయిదు కడుపులకు పోపు పెట్టే మనిషిని
అడివి లెక్క అడిగేదానికి నేనెవురు?
నేను అడగాల్సింది
టీలోకి మూడో బిస్కెట్టు ముంచే నా చేతిని,
ఒకటి చాలని తెలిసీ
రెండు షాంపూలు చింపే నా పండ్లను.

శుక్రారం దీపం పెడతా
నూనె సీసా మీద కూడా భూతద్దం పెట్టినా.
దీపారాధనకు మాత్రమే, అని ఉంది.
ఏ నూనో రాయలా.
వత్తి అంటించి,
దండం పెట్టడం మర్చిపోయి
పొగను చూస్తా నిలబడినా.

పెద్దగా ఏం మారలా.
మిక్చరు పొట్లాల దండ ఒకటి తీసేసి
వేయించిన చెనిక్కాయలు సీసాలో పోసి పెట్టినా.
పది రూపాయల పొట్లం. రోజుకు ఆరో ఏడో పోతాయి.
సబ్బు అరిగి రేకయినాక
కొత్తదానికి అతికించి రుద్దుకుంటా ఉండా.
హేమాద్రికి మార్కులొచ్చినాయి, అద్దం మరిచిపోయినాడు.
దాన్ని పురికోసకు కట్టి
తక్కెడ పక్కన వేలాడదీసినా.

బోండాల బండి ఏకాంబరం
ఎదురుగా మూకుడు తిప్పుతా నవ్వుతాడు:
"నా నూనె మీద మాత్రం పెట్టబాకక్కా దాన్ని,
నిన్నటిదీ మొన్నటిదీ కూడా కనబడతాది."
నేనూ నవ్వినా.
సాయంత్రం ఇద్దరు ఆడపిల్లలు
కొనకుండా, ఒక పొట్లం తిప్పి తిప్పి
అద్దంలో చదువుతా నిలబడినారు.
వెనక జనాలు తొందరపడతా ఉంటే
నేను చిల్లర వెతుకుతున్నట్టు
గల్లాపెట్టెలో చెయ్యి పెట్టి
ఊరికే కలబెడతా ఉండినా.